గోడకు గొంగడి



ఈ వారం గోడల గురించి రాస్తున్న. మన రాతల్లో గోడ అనంగనే కుల గోడ గుర్తుకొస్తది. దాని దగ్గరికి కూడా వస్త. కాని ముందు మట్టితోని, ఇటుకతోని, సిమెంటుతోని కట్టిన గోడ సంగతి మాట్లాడుకుందాం. పగలంతా ఎండను తాగి, రాత్రి మనం మంచం మీద వాలినంక ఆ వేడిని మన మీదికి వదిలే గోడ సంగతి.

జనగామ జిల్లాల మాదిగవాడల ఉన్న మా పాత ఇంటిని ఈ ఏడు బాగుచేయించినం. ఇల్లు బాగుచేసుడు అంటే రంగులు, టైల్సు, ముందర గేటు అనుకుంటరు. మేము సగం పైసలు బయటికి కనపడని పనికి పెట్టినం. గోడల నుంచి, స్లాబు నుంచి వేడి లోపలికి రాకుండ చేసే పనికి. ఇంత చదివి పైసలు గోడల పోస్తున్నరని వాడల నవ్విన్రు. నవ్వినోళ్లకు నోటితో చెప్పిన జవాబునే ఇక్కడ రాస్తున్న.

మా ఇంట్ల మూడు తరాల గోడలున్నయి. తాత కట్టిన ముందటి అర్ర మట్టిగోడ మూరెడు మందం. నాయిన 1994ల కట్టిన స్లాబు అర్ర ఇటుక గోడ జానెడు. తమ్ముడు ఐదేండ్ల కింద ఎనుక వేసిన వంటిల్లు గోడ బెత్తెడు. మూర అంటే పద్దెనిమిది అంగుళాలు. జాన అంటే తొమ్మిది. బెత్తె అంటే నాలుగు వేళ్ల వెడల్పు, మేస్త్రీల లెక్కల నాలుగంగుళాల గోడ. తాత దగ్గరి నుంచి తమ్ముడి దాకా చదువు పెరిగింది, చేతుల పైస ఆడింది, ఓటు విలువ తెలిసింది. గోడ మాత్రం తరానికి సగం సన్నబడ్డది. మందం ఎక్కడ పోయిందో అక్కడి నుంచే వేడి లోపలికి వచ్చింది.

తాత గోడ సంగతి ముందు.

అది ముద్ద గోడ. చెరువు మట్టి, వరిగడ్డి ముక్కలు కలిపి రెండు మూడు రోజులు నానబెట్టి, కాళ్లతోని తొక్కి, ముద్దలు చేసి వరుస మీద వరుస పెట్టుకుంట పోయిన గోడ. ఒక వరుస ఆరితేనే ఇంకో వరుస. పగటి పూట పని దొరోళ్లది. కాబట్టి మా తాత, ముత్తవ్వ ఆ గోడను ఎన్నెల ఎలుగుల తొక్కిన్రని మా అవ్వ చెప్తది. నైజాం కాలం వెట్టి సంగతి జనగామోళ్లకు కొత్తగ చెప్పే పని లేదు. విసునూరు దేశ్‌ముఖ్ గడి ఇక్కడిదే. 1946 జులై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి ఇక్కడిదే. తెలంగాణల గడీలు ఎక్కడ చూసినా గోడలు మనిషి చెయ్యి చాపినంత మందం ఉంటయి. డంగు సున్నం, రాయి, ఎత్తైన కప్పు. మే నెలల కూడా లోపల చల్లగ ఉంటది. ఆ రాయి మోసినోళ్లు, ఆ సున్నం దంచినోళ్లు ఎవరో ఎక్కడా రాసి ఉండదు. చల్లటి గోడ కట్టే ఇగురం మన చేతులకు ఎప్పటినుంచో ఉన్నది. ఆ గోడ వెనక పండుకునే హక్కే మనకు లేకుండె.

తాత ఇంటికి మొదట గడ్డి కప్పే ఉండె. గడ్డి కప్పు కన్న చల్లనిది లేదు. పొరల మధ్య గాలి నిలుస్తది, ఆ గాలే వేడిని ఆపుతది. మరి అంత మంచి కప్పును మనోళ్లు ఎందుకు వదిలిన్రు? గడ్డి కాలుతది కాబట్టి. బోయి భీమన్న తన పుస్తకానికి ‘గుడిసెలు కాలిపోతున్నయ్’ అని పేరు పెట్టింది ఊరికే కాదు. ఆ పుస్తకానికి 1975ల కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అంతకు ఏడేండ్ల ముందే, 1968 డిసెంబర్ 25 రాత్రి, తమిళనాడు కీళవెన్మణిల కూలి పెంచుమని అడిగిన పాపానికి 44 మంది దళితులను ఒక గుడిసెల పెట్టి కాల్చిన్రు. ఆడోళ్లు, పిల్లలే ఎక్కువ. గడ్డి కప్పు కింద పుట్టినోనికి పెంకు అయినా, రేకు అయినా, స్లాబు అయినా ముందుగాల అగ్గి అంటుకోని కప్పు. చల్లదనం తర్వాతి సంగతి.

అందుకే, పాత రోజులల్ల గుడిసెలు ఎంత చల్లగుండేవో అని ఎవరన్నా నిట్టూరిస్తే నాకు కోపం వస్తది. ఇప్పుడు మట్టి ఇండ్లు మళ్ల ఫ్యాషన్ అయినయి. హైదరాబాద్ చుట్టుపక్కల ఫామ్‌హౌజుల మట్టిగోడ కట్టించుకొని, వారం ఆఖర్ల వచ్చి ఫొటోలు దిగి పోతున్నరు. మట్టిగోడ మంచిదే, కాదనను. కాని అది ఏడాది పొడుగున చాకిరి అడిగే గోడ. వానకాలం ముందర పూత, పండుగకు పూత, వారం వారం అలుకు, పొద్దున్నే సాన్పి. మా అవ్వ పదహారేండ్లకు ఈ ఇంటికి వచ్చింది. అప్పటి నుంచి ఆ గోడకు ఎంత పెండ, ఎంత ఎర్రమన్ను పూసిందో లెక్క లేదు. కూలికి పోయి వచ్చి, పొద్దుగూకినంక పూసింది. వానకు తడిసిన గోడ ఎప్పుడు కూలుతదో అని పిల్లలను నడి ఇంట్ల పండుకోబెట్టి తాను గోడ దిక్కు పండుకున్నది. మట్టిగోడల గొప్పతనం రాసేటోళ్లు ఆ చాకిరిని కూడా లెక్కల రాయాలె.

ఇగ నాయిన స్లాబు.

మాదిగవాడల స్లాబు పడ్డ రెండో ఇల్లు మాది. స్లాబు అంటే మాకు కప్పు ఒక్కటే కాదు. దర్వాజ ముందర నిలబడి “ఏందిరా” అని పిలిచేటోడు, స్లాబు పడ్డనాటి నుంచి పేరుతోని పిలిచిండు. అక్క పెండ్లి సంబంధానికి వచ్చినోళ్లు ముందు పైకి చూసిన్రు, తర్వాత పిల్లను చూసిన్రు. నాయిన రాళ్లు కొట్టి, బాయిలు తవ్వి, నాలుగేండ్లు కూడబెట్టి ఆ పద్నాలుగు ఫీట్ల అర్ర కట్టిండు. ఇల్లు బాగుచేద్దామని మేం మాట మొదలుపెట్టంగనే అవ్వ పెట్టిన షరతు ఒక్కటే. “మీ నాయిన పోసిన స్లాబును కూలగొట్టొద్దు. దాన్ని ఉంచి ఏమన్న చేసుకోండ్రి.”

ఆ స్లాబు అర్ర ఎండకాలం కుంపటి. ఎందుకో చెప్త. ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు.

గోడకు తగిలిన వేడి వెంటనే లోపలికి రాదు. గోడ మందంల నుంచి నిదానంగ నడుచుకుంట వస్తది. జానెడు ఇటుక గోడ దాటనీకి దానికి ఏడెనిమిది గంటలు పడ్తది. పడమటి గోడకు ఎండ సాయంత్రం నాలుగు గంటలకు బలంగ తగుల్తది. అంటే ఆ వేడి లోపలికి చేరేది అర్ధరాత్రికి, మనిషి నిద్రల ఉన్నప్పుడు. నాలుగంగుళాల స్లాబు అంతసేపు కూడా ఆపది. మూడు గంటలల్ల దింపుతది. పగటి రెండు గంటల ఎండ సాయంత్రం ఐదు గంటలకల్లా నెత్తి మీదికొస్తది, అక్కడి నుంచి పొద్దుపోయేదాకా కురుస్తనే ఉంటది. బెత్తెడు గోడ ఇంకా ఘోరం, ఎండకూ ఇంటికీ మధ్య పరదా లెక్క. తాత మూరెడు మట్టిగోడను దాటాలంటే వేడికి పన్నెండు గంటల మీదనే పడ్తది. అది చేరేసరికి తెల్లారుతది, తలుపులు తెరుస్తం, బయటి సల్లగాలి వస్తది. వేడి వచ్చినా మనకు తెల్వదు. తాతకు ఈ లెక్కలు రావు. ఆయన గోడకు వచ్చు.

నాయిన 2015 మే నెలల పోయిండు. ఆ నెల ఎండలకు రెండు తెలుగు రాష్ట్రాలల్ల కలిపి వెయ్యి మందికి పైగా చనిపోయిన్రని ప్రభుత్వాలే లెక్క చెప్పినయి. ఆ లెక్కల మా నాయిన లేడు. ఆయన పగటి పూట పొలంల పడిపోలేదు. రాత్రి, తన స్లాబు కింద, తన మంచం మీద పోయిండు. కాయితం మీద గుండె ఆగిందని రాసిన్రు. గుండె ఆగిన మాట నిజమే. మూడు రాత్రుల సంది ఆయన కంటి మీద కునుకు లేదు. మంచం వాకిట్ల వేస్తనన్నా, దోమలు, కుక్కలు అని లోపలికే పోయిండు. వడదెబ్బ అంటే నడిబజార్ల, మిట్టమధ్యాహ్నం తగిలేది అనుకుంటరు. ఇంట్ల, రాత్రి పూట, గోడల నుంచి తగిలే దెబ్బను ఏ కాయితం మీదా రాయరు. 2025 ఏప్రిల్‌ల తెలంగాణ ప్రభుత్వం వడగాలులను రాష్ట్ర విపత్తుగ గుర్తించింది, వడదెబ్బ చావుకు నాలుగు లక్షల పరిహారం అన్నది. మంచిదే. కాని ఆ చావు వడదెబ్బతోనే అని నిరూపించాలె. మంచం మీద పోయిన ముసలోని గోడకు సాక్ష్యం చెప్పే నోరు లేదు.

ఇప్పుడు అవ్వకు బీపీ, షుగర్ రెండూ ఉన్నయి. ఎండకాలం స్లాబు అర్రల కాలు పెట్టది. తాత కట్టిన మట్టి అర్రల నులక మంచం వేసుకొని పండుకుంటది. ఆ అర్ర పైన పెంకులు జారిపోయినయి, దూలానికి చెద పట్టింది. ఇంకో రెండు వానకాలాలు నిలవదు.

తమ్ముడు చెప్పిన ఉపాయం, “అన్నా, మట్టి అర్ర పడగొట్టి అంత కలిపి స్లాబు పోద్దాం. అవ్వకు ఏసీ పెడ్దాం. కిస్తీల మీద ఇస్తరు.” తప్పు మాట కాదు. అవ్వను చల్లగ ఉంచాలన్న మాటే. కాని గోడల నుంచి, స్లాబు నుంచి వేడి అట్లనే వస్తుంటే ఏసీ పెట్టుడు అంటే ఓటి కుండల నీళ్లు పోసుడే. కరెంటు బిల్లు ఒక దిక్కు. మా ఊర్ల మే నెల సాయంత్రాలు కరెంటే నిలవది ఇంకో దిక్కు. ఆ కరెంటు ఎక్కడి నుంచి వస్తదో కూడా మా ఇంటోళ్లకు బాగ తెలుసు. అక్కా బావలు భూపాలపల్లిల ఉంటరు. బావ బొగ్గు పని కాంట్రాక్టు కూలీ. ఆ బొగ్గును కాల్చే చెల్పూరు కాకతీయ థర్మల్ కేంద్రం 1100 మెగావాట్లది. బొగ్గు తీసే ఊర్లల్ల భూములు పోయినోళ్లల్ల మనోళ్లున్నరు, గిరిజనులున్నరు. బొగ్గు తీసే బావ మాత్రం రేకుల అర్రల కిరాయికుంటడు. మధ్యాహ్నం షిఫ్ట్ లేని రోజు ఆ అర్రల ఉండలేక వేపచెట్టు కింద పండుకుంటడు. దేశానికంతా ఏసీలు తిప్పే బొగ్గు తీసినోనికి ఒక చల్లటి గోడ లేదు.

బావే ఒక మాట అన్నడు. “బూడిద ఇటుకలు చల్లగుంటయట, మా దిక్కు దొరుకుతయి, లారీ మాట్లాడన్నా?” బొగ్గు కాలినంక మిగిలే బూడిదతోని ఇటుకలు చేస్తరు. అవి గట్టివి, సమంగ ఉంటయి, పొలాల పైమట్టి తవ్వే పని తప్పుతది. కాని వేడి సంగతికొస్తే ఎర్ర ఇటుకకూ, బూడిద ఇటుకకూ పెద్ద తేడా లేదు. జానెడు పెడితే జానెడు పనే చేస్తయి. వేడిని నిజంగ ఆపేది గాలి బుడగలున్న ఇటుక. ఏఏసీ బ్లాకు అంటరు, మేస్త్రీలు తెల్ల ఇటుక అంటరు. దాంట్ల కూడా బూడిద కలుపుతరు. నీళ్ల తొట్టిల వేస్తే తేలుతది, అంత తేలిక. నాలుగంగుళాల తెల్ల ఇటుక ఆపే వేడి, దాదాపు పద్దెనిమిది అంగుళాల ఎర్ర ఇటుక గోడ ఆపే వేడితో సమానం. అంటే బెత్తెడు మందంల తాత మూరెడు గోడ అన్నట్టు. కాకపోతే తేలిక ఇటుకకు వేడిని దాచుకునే బరువు తక్కువ. అందుకే పాత బరువైన గోడను పడగొట్టకుండ, దాని మీద బయటి దిక్కు ఈ తెల్ల ఇటుకను తొడగాలె. లోపల బరువు, బయట తేలిక.

బయటి దిక్కు ఎందుకో అవ్వకు చెప్పుడు నాకు రాలేదు. థర్మల్ ఇన్సులేషన్ అంటే పాఠ్యపుస్తకాలల్ల ఉష్ణ బంధకం అని ఉంటది. ఆ మాట మా ఇంట్ల ఎవరికీ ఎక్కలేదు. మేస్త్రి పెద్దనాయిన “హీట్‌ప్రూఫ్” అన్నడు. అవ్వ కాసేపు విని, “అంటే గోడకు గొంగడి కప్పుతున్నరన్నట్టు” అన్నది. మా దిక్కు గొర్రెలు కాసే కురుమోళ్లు నడి ఎండకాలం కూడా గొంగడి మీదేసుకుంటరు. ఉన్ని చలిని ఆపినట్టే ఎండనూ ఆపుతది. గొంగడి ఒంటి మీద బయట కప్పుకుంటే ఒళ్లు కాగదు. ఒళ్లు కాగినంక కప్పుకుంటే ఆ వేడి లోపలనే ఉంటది. డాక్టరేట్ తెలుగుల చేసిన నాకు దొరకని మాట అవ్వకు దొరికింది. ఆ రోజు నుంచి మేస్త్రి కూడా గొంగడి పని అనే అంటున్నడు.

చేసిన పని వరుసగ చెప్త. ఎవరికన్న అక్కరకొస్తది.

మొదలు స్లాబు. పద్నాలుగు పన్నెండు ఫీట్ల అర్రకు నెత్తి మీద నుంచి వచ్చే వేడే ఎక్కువ. చేతిల కొన్ని పైసలే ఉంటే ముందు పైకప్పుకే పెట్టాలె, గోడ తర్వాత. బోర్లించిన మట్టికుండలు పరిచి సున్నం పోసే పద్ధతి ఒకటున్నది. నాకు అదే ఇష్టమైంది. “బిడ్డా, ఇది ముప్పై ఏండ్ల స్లాబు. అక్కడక్కడ ఇనుము తుప్పు పట్టి పెచ్చులూడింది. దీని మీద బరువు ఎక్కించొద్దు” అన్నడు పెద్దనాయిన. ముందు తుప్పు గీకించి, చువ్వలకు మందు పూసి, పెచ్చులు పూడిపించినం. నాయిన కాలంల పైన వేసిన మూడంగుళాల కాంక్రీటు పొర పగిలి నీళ్లు తాగుతుండె. అది పెకిలించి తీసినం. ఆ బరువు దిగినంకనే రెండంగుళాల ఎక్స్‌పీఎస్ బోర్డు పరిచి, మీద అంగుళంనర పలుచటి పొర పోసి, తెల్ల పెంకు ముక్కలు అతికిచ్చినం. థర్మాకోల్‌కు అది గట్టి అన్నలాంటిది. తెల్ల రంగు ఎండను తిప్పి కొడ్తది, దాన్ని తప్పించుకొని వచ్చినదాన్ని బోర్డు ఆపుతది.

రెండోది పడమటి గోడ. నాలుగు దిక్కులా చేసే శక్తి లేదు. ఉత్తరపు గోడకు ఎండ తగిలేది తక్కువ. తూర్పు గోడకు పొద్దటి ఎండ తగుల్తది, రాత్రికి చల్లారుతది. పడమటి గోడ ఒక్కటే రాత్రి మోసం చేస్తది. పద్నాలుగు ఫీట్ల పొడుగు, పది ఫీట్ల ఎత్తు గోడకు నూట ఐదు దాకా తెల్ల ఇటుకలు పట్టినయి. పాత గోడ పక్కన అడుగు లోతు తీసి కాంక్రీటు పట్టీ పోసి దాని మీద కట్టినం. రెండు గోడల నడుమ అంగుళం సందు ఇడిసిపెట్టినం. ఆ సందుల నిలిచిన గాలి కూడా ఒక పొరనే. కొత్త గోడ విడిగ ఊగకుండ రెండు వరుసలకోసారి తుప్పు పట్టని ఇనుప పట్టీతోని పాత గోడకు కట్టేసినం. పైన సందు మూసినం, ఎలుకలు పాములు దూరకుండ. కింద మాత్రం నీళ్లు పోనీకి సన్నటి తూట్లు పెట్టినం. తెల్ల ఇటుక నీళ్లు బాగ తాగుతది కాబట్టి బయట గిలాబు తప్పనిసరి. పాత కొత్త గోడలు కలిసే కాడ జాలీ కొట్టకపోతే గిలాబు పగుల్తది. పైన రెండు ఫీట్ల సజ్జ, ఆఖరుకు తెల్ల సున్నం.

మూడోది తాత అర్ర. పడగొట్టలేదు. చెద పట్టిన దూలం మార్చినం. గోడ అడుగున వాన చిమ్మి కరిగిన మూర ఎత్తు దాకా రాయి కట్టి పొడి చేసినం. చూరు ముందుకు పెంచినం. మట్టిగోడకు సిమెంటు గిలాబు కొట్టిస్తమని శానామంది అన్నరు. సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి రాక, గోడ లోపలనే కుళ్లి పెచ్చు పెచ్చుగ ఊడుతది. మట్టిల కొంచెం సున్నం కలిపి పూసినం. అవ్వ ఇగ వారం వారం అలికే పని లేదు, ఏడాదికోసారి చాలు. ఆ ఒక్కసారి తమ్ముడు, నేను పూస్తమని మాట తీసుకున్నది.

ఈ మే నెలల గోడ ఎట్లుందో చూడనీకి మేము యంత్రాలు తేలేదు. రాత్రి పది గంటలకు అవ్వ పడమటి గోడ మీద అరచెయ్యి ఆనించింది. ఎనుకట ఆ గోడ మీద చెయ్యి ఆనిస్తే రొట్టె పెంకు లెక్క ఉండేది. ఈసారి చెయ్యి తీయకుండ అట్లనే పెట్టి నిలబడ్డది. తొమ్మిదేండ్ల తర్వాత ఎండకాలం ఆ అర్రల పండుకున్నది.

ఇంతవరకు ఇంటి సంగతి. ఇప్పుడు సర్కారు సంగతి.

వేడిని ఆపే ఇండ్ల గురించి మన దేశంల నిబంధనలు లేవా? ఉన్నయి. 2018ల కేంద్రం ‘ఎకో నివాస్ సంహిత’ అని ఒక కోడ్ తెచ్చింది. ఇంటి గోడలు, కిటికీల గుండా లోపలికొచ్చే వేడికి చదరపు మీటరుకు 15 వాట్ల హద్దు పెట్టింది. అది ఎవరికి వర్తిస్తది? 500 చదరపు మీటర్లు, అంతకు పెద్ద జాగలల్ల కట్టే ఇండ్లకు. 2023 ఏప్రిల్‌ల తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు తప్పనిసరి అన్నది. ప్రైవేటు ఇండ్లల్ల 600 గజాలు, అంతకు మించిన జాగలకు తప్పనిసరి, తక్కువ ఉంటే ఇష్టం ఉన్నోళ్లు చేసుకోవచ్చు అన్నది. 500 చదరపు మీటర్లంటే దాదాపు 600 గజాలే. రెండూ ఒక్క గీత కాడనే ఆగినయి.

ఏ ఊర్లనైనా వాడకు పోయి అడగండి, ఆరు వందల గజాల ఇల్లు ఎవరికున్నదో. మాకు నూట పది గజాలు. కాలనీలల్ల అరవై, డెబ్బై గజాలు. చెట్టు పెట్టనీకి జాగ ఉండది, గాలి ఆడనీకి సందు ఉండది, పక్కింటి గోడ మన గోడ ఒక్కటే. ఎండ ఎక్కువ తగిలేటోళ్లు, ఏసీ కొనలేనోళ్లు, పగలంతా ఎండల పని చేసి రాత్రి చల్లారాల్సినోళ్లు గీతకు అవతల పడ్డరు. చిన్న ఇంటి మీద భారం మోపొద్దని గీత గీసిన్రు కావచ్చు. తప్పనిసరి చేయొద్దు, సరే. సాయం అయితే చేయొచ్చు కద?

ఇప్పుడు ఇందిరమ్మ ఇండ్లకు ఐదు లక్షలు ఇస్తున్నరు. కనీసం 400 చదరపు అడుగులు కట్టాలె, పనిని బట్టి విడతలుగ పైసలు పడ్తయి. మన వాడలల్ల పిల్లర్లు లేస్తున్నయి, సంతోషం. కాని ఆ పైసలల్ల పిల్లర్లు, స్లాబు పోయినంక గోడకు మిగిలేది బెత్తెడు ఇటుకకే. ఇంకో ముప్పై ఏండ్లు మన పిల్లలు పండుకునే గోడలు ఇయ్యాలనే లేస్తున్నయి. పడమటి గోడకు తెల్ల ఇటుక, స్లాబు మీద తెల్ల పూత, కిటికీల మీద సజ్జ. ఈ మూడింటికి వేరేగ ఒక చిన్న విడత ఇస్తే అయ్యే ఖర్చు, తర్వాత దవాఖానలకు పెట్టేదాంట్ల ఎంత?

నేను పాఠం చెప్పేది మానుకోటల, అదే మహబూబాబాద్‌ల. నా క్లాసుల వాడల పిల్లలు, తండాల పిల్లలే ఎక్కువ. ప్రబంధాలకు అష్టాదశ వర్ణనలుంటయి, అందుల ఋతువర్ణన ఒకటి. ఎండకాలం వర్ణన అంటే చలువరాతి మేడలు, గంధం పూతలు, ముత్యాల సరాలు. ఆ వర్ణన చెప్పే క్లాసు రేకుల కింద నడుస్తది. మా జిల్లా పాలకురికి సోమన బసవపురాణంల మాదర చెన్నయ్య కథ ఉన్నది. చోళరాజు నైవేద్యం కన్న చెన్నయ్య అంబలి శివునికి రుచించింది. శివుడు వచ్చిన ఆ ఇంటి గోడ మట్టిదా, తడికనా అని ఒక పిల్ల అడిగింది. ఆ ప్రశ్న నుంచే ఒక పని పుట్టింది. మీ ఇంటి గోడను మూరతోని, జానతోని, బెత్తెతోని కొలిచి, మీ ఇంట్ల గోడ భాగాలకు ఏ పేర్లున్నయో రాసుకొని రమ్మన్న. మాటలు బోలెడు వచ్చినయి. కొలతల్ల మాత్రం మూరెడు గోడ ముసలోళ్లు ఉన్న ఇండ్లల్లనే ఉన్నది. ఎక్కువ మందిది బెత్తెడు. ఇద్దరు ముగ్గురు గోడ కాడ రేకు అని రాసిన్రు. రేకుకు బెత్తె కూడా లేదు.

మానుకోటల నేను ఉండేది కిరాయి ఇల్లు. కిరాయికి ఇల్లు వెతికినోళ్లకు తెలుసు, పేరు తర్వాత వచ్చే ప్రశ్న ఏందో. రెండు చోట్ల కింది అంతస్తు ఖాళీగ ఉండంగనే నాకు లేదన్నరు. దొరికింది మేడ మీద, స్లాబు కింది అర్ర. మనకు దొరికేవి ఎప్పుడూ పై అర్రలు, పడమటి అర్రలు, రేకుల అర్రలు. కులం వేడిని కూడా పంచుతది. ఎవరికి ఎంత ఎండ అన్నది ఊరు కట్టిన నాడే రాసి పెట్టింది.

కుల గోడ దగ్గరికి వస్తనన్న కద. తమిళనాడు ఉత్తపురంల దళితవాడకు అడ్డంగ కట్టిన గోడను 2008ల కొంతమేర కూలగొట్టే దాకా పోరాటం చేయాల్సి వచ్చింది. అదే రాష్ట్రంల మేట్టుపాళయం కాడ 2019 డిసెంబర్‌ల ఒక బంగ్లా ప్రహరీగోడ వానకు కూలి పక్క ఇండ్ల మీద పడ్డది. నిద్రల ఉన్న 17 మంది దళితులు చనిపోయిన్రు. వాళ్ల గోడ ఎంత మందమో, ఎంత ఎత్తో చూడండి. మనల్ని చూడకుండ ఉండనీకి అంత గోడ కట్టే పైసలున్న దేశంల, మనం పండుకునే గోడకు జానెడు మందం కరువు. అడ్డం పెట్టే గోడలు కూలాలె. ఆసరా ఇచ్చే గోడలు మందంగ లేవాలె. రెండూ ఒక్క పోరాటమే.

ఇల్లు బాగుచేసుకునే శక్తి ఇప్పుడు లేనోళ్లకు నాలుగు మాటలు. అక్కకు కూడా ఇవే చెప్పిన.

సిమెంటు రేకులైతే వాటిని కొయ్యొద్దు, రాపొద్దు, తొలువొద్దు. వాటిల్ల ఆస్‌బెస్టాస్ ఉంటది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు క్యాన్సర్ తెస్తది. తడిపి మెల్లగ కడిగి, పైన రెండు పొరలు తెల్ల పూత వేయండి. రేకు కింద ఒక జానెడు ఎడంగ తడకో, తాటాకు చాపో, బట్టో కట్టండి. రెంటి నడుమ గాలి పోనీకి అటిటు సందు ఇడవండి. పొయ్యికి దగ్గర కట్టొద్దు. స్లాబు ఉన్నోళ్లు ప్రతి ఏడు మార్చిలనే సున్నం పూయండి. పడమటి గోడకు ఎండ తగలకుండ చిక్కుడో, కాకరో పందిరి పారించండి. అది కూడా గొంగడే, కూర ఇచ్చే గొంగడి. పగలు కిటికీలు మూసి, పొద్దుగూకినంక తెరవండి. మంచం పడమటి గోడకు ఆనించొద్దు.

కొత్త ఇల్లు కట్టేటోళ్లు మేస్త్రిని ముందు ఒక్క మాట అడగండి: పడమటి గోడ మందం ఎంత? గ్రామసభల, ఇందిరమ్మ కమిటీ కాడ, ఎమ్మెల్యే వచ్చినప్పుడు కూడా అదే అడగండి. ఇల్లు ఇచ్చినం అంటరు. ఇల్లు అంటే లెక్కల ఒక నంబరా, మే నెల రాత్రి మనిషి నిద్ర పోగలిగిన జాగనా అని అడగండి.

ఈ వారం మీ ఇంటి గోడను కొలవండి. మూరెడో, జానెడో, బెత్తెడో, రేకో, మీ ఊరి పేరుతోని నాకు రాయండి. వచ్చిన కొలతలన్నీ ఒక్క కాడ చేర్చి మూడు జిల్లాల కలెక్టర్లకు వినతిపత్రంగ ఇద్దాం. వచ్చే వారం నీళ్ల ట్యాంకుల గురించి, ఊర్లె ఏ దిక్కుకు ముందు నీళ్లొస్తయో దాని గురించి.

జై భీమ్.